చదివి వినిపించగా

మా అమ్మాయి రైటర్ అయిందని నేను చెప్పినప్పుడు నందిగామలో ఒక్కరూ ఆశ్చర్యపోలేదు. "ఏ స్టేషనండీ?" అనే అడిగారు అందరూ. తప్పు వాళ్ళది కాదు. పోలీసు స్టేషన్లో రాతకోతలు చూసే కానిస్టేబుల్ని మా వైపు రైటరంటారు. వచ్చినవాళ్ళ గోడు విని ఫిర్యాదు రాసేదీ, జనరల్ డైరీ నింపేదీ, పంచనామా తయారుచేసేదీ ఆయనే. నేను ముప్పై ఒక్క ఏళ్ళు ఆ పని చేశాను. ఏఎస్సైగా రిటైరయ్యాక కూడా బజార్లో నన్ను ఏసురత్నం అని పిలిచేవాళ్ళు తక్కువ, రైటర్ గారూ అని పిలిచేవాళ్ళు ఎక్కువ. అలాంటప్పుడు రైటరు కూతురు రైటరైందంటే జనం ఇంకేమనుకుంటారు?

చెవిటికల్లు నుంచి వీరరాఘవయ్య గారైతే ఏకంగా కాగితాలు పట్టుకుని వచ్చారు. ఆయనకు ఏటి ఒడ్డున పొలం ఉంది. మోటారు దగ్గర కాపర్ వైరు ఎవరో కోసుకుపోయారు.

"అమ్మాయి హైదరాబాద్‌లో పెద్ద స్టేషన్లో చేస్తందంటగా రైటర్ గారూ. మనోళ్ళకి ఓ ఫోన్ కొట్టించండి" అన్నారు.

"స్టేషన్ కాదండీ, టీవీ. సీరియల్‌కి మాటలు రాస్తది."

"పోలీసు సీరియలేగా?"

"అవునండీ."

"మరింకేం! ఎవరో ఒకరు తెలిసే ఉంటారు" అని కాగితాలు టీపాయ్ మీద పెట్టి, టీ తాగి వెళ్ళిపోయారు. ఆయన రాసుకొచ్చిన ఫిర్యాదులో తేదీ లేదు, వైరు ఎన్ని మీటర్లో లేదు. చూసి ఊరుకోలేక నేనే తిరగరాసి మర్నాడు పంపించాను.

ఆ సీరియల్ పేరు 'ఇన్‌స్పెక్టర్ ఇంట్లో లేరు'. ఆదివారం మధ్యాహ్నం రెండింటికి వస్తుంది. రాజ్యశ్రీ అని హైదరాబాద్‌లో ఒక డిటెక్టివ్ ఇన్‌స్పెక్టరు. బుర్ర మాత్రం పాదరసం. సంసారమే గందరగోళం. మొగుడితో విడిపోయింది, కానీ ఇద్దరికీ వేరే ఇల్లు దొరక్క ఎదురెదురు ఫ్లాట్లలో ఉంటారు. గ్యాస్ సిలిండర్ మాత్రం ఇద్దరికీ ఒకటే. కుళాయి బాగుచేయడానికి వచ్చిన మనిషిని అనుమానితుడనుకుని గంటసేపు విచారిస్తుంది, చివర్లో అతనితోనే కుళాయి బిగించుకుంటుంది. హంతకుణ్ణి పట్టుకుంటుంది గానీ ఇంటి తాళంచెవి పట్టుకోలేదు.

మొదటి వారం చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. మా అమ్మాయి జాయిస్‌కి ఫోన్ చేసి, "డిపార్టుమెంటంటే నవ్వులాటగా ఉందా మీకు?" అని కేకలేశాను. వెనక మా ఆవిడ బేబి నవ్వలేక పొట్ట పట్టుకుంది. ఆమె ముప్పై ఏళ్ళు టీచరుగా చేసింది, నా కేకలకు భయపడే రకం కాదు. "కళ్ళజోడు పెట్టుకుని కళ్ళజోడు వెతికింది మీరేగా. అమ్మాయి ఎక్కడ చూసి రాసిందో నాకు తెల్దా?" అంది.

రెండో వారం నుంచి నేను నోటుపుస్తకం పెట్టుకుని కూర్చున్నాను. పంచనామాకు ఇద్దరు సాక్షులు లేకుండా రాజ్యశ్రీ సంతకం పెట్టేసింది, ఒకటి. ఇన్‌స్పెక్టరు ఎక్కడైనా తన చేత్తో ఎఫ్.ఐ.ఆర్. రాసుకుంటుందా, రెండు. ప్రోగ్రాం అయిపోగానే ఫోన్ చేసి తప్పులన్నీ చదివేవాణ్ణి. జాయిస్ నవ్వుతూ రాసుకునేది. నాలుగో వారం నుంచి నేను చెప్పినవన్నీ సరిచేసి కనిపించాయి. ఆ సంగతి బయటికి ఒప్పుకోలేదు గానీ, సోమవారం పొద్దున బజారుకెళ్తే నా నడకే మారిపోయేది.

ఒక్కటే నచ్చలేదు. సీరియల్ మొదట్లో 'రచన: హరిచరణ్' అని తెర నిండా పడుతుంది. ఆయన ఆ సీరియల్ రాసే జట్టుకు పెద్ద. చివర్లో 'రచనా సహాయం' అని పేర్లు చీమల్లా పరిగెత్తుతాయి. మా అమ్మాయి పేరు అందులో నాలుగోది. బేబి ఫోన్ పట్టుకుని టీవీకి జానెడు దూరంలో నిలబడి ప్రతివారం ఫొటో తీసేది. ఒక్కసారి కూడా సరిగ్గా రాలేదు.

"నాలుగేళ్ళ నుంచి ఆయన కింద రాస్తన్నావు, పేరెక్కడమ్మా?" అని అడిగితే, "వస్తది నాన్నా. తొమ్మిదో భాగం మొత్తం నన్నే రాయమన్నారు. నా పేరే వేస్తానన్నారు. ఒక్కసారి అట్టా పేరు పడితే చాలు, ఆ తర్వాత నేనింకెవరి కిందా రాయక్కర్లా" అంది. ఆ 'ఒక్కసారి' కోసం అది హైదరాబాద్‌లో ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగిందో నాకు తెలుసు. కాబట్టి తొమ్మిదో భాగం అనే మాట మా ఇంట్లో పండగలా తయారైంది. చర్చిలో కూడా చెప్పేశాను. పాస్టరు గారు ప్రార్థనలో కలిపారు.

ఆ భాగం రాయడానికి జాయిస్ నాలుగు రోజులు సెలవు పెట్టి ఇంటికొచ్చింది. వచ్చిన సాయంత్రమే నా కుర్చీ పక్కన ఇంకో కుర్చీ వేసుకుంది.

"నాన్నా, ఒక్క మాట దగ్గర కేసు మొత్తం తిరిగిపోవాలి. అట్టాంటిది నీ సర్వీసులో ఏదన్నా ఉందా?"

ఉంది. అది నేను ఎవరికీ చెప్పలేదు. ఆ స్టేషన్ పేరు ఇక్కడ కూడా రాయను. జయమణి అని కూలి చేసుకునే ఆవిడ వచ్చింది. ఆవిడ పాడిగేదెను ఊళ్ళో పలుకుబడి ఉన్నవాళ్ళు పట్టపగలు తోలుకుపోయారు. ఎస్సై నన్ను లోపలికి పిలిచి, "దొంగతనమని రాస్తే కేసు కట్టాలి, కేసు కడితే వాళ్ళని పిలిపించాలి. ఎందుకొచ్చిన గొడవ? గేదె తప్పిపోయిందని రాయి" అన్నాడు. తప్పిపోయింది, ఎత్తుకుపోయారు. ఆ ఒక్క మాటే తేడా.

"నువ్వేం చేసావు?" అంది జాయిస్, కలం ఆపి.

"నేను రాయనన్నా. ఎత్తుకుపోయారనే రాసా. పదిహేను రోజులు తిరక్కుండా జగ్గయ్యపేట ట్రాన్స్‌ఫరు."

మా అమ్మాయి ముఖం ఒక్కసారిగా మారింది. "తొమ్మిదో క్లాసు మధ్యలో మనం జగ్గయ్యపేట వచ్చింది అందుకా? నేను మూడు నెలలు నీతో మాట్లాళ్ళా నాన్నా! నా ఫ్రెండ్స్ అందరినీ పోగొట్టావని. ఒక్కసారన్నా చెప్పొచ్చుగా!"

"పిల్లలకి చెప్పేదా అది?" అన్నాను, పెద్ద మనిషిలా.

ఆ తర్వాత అది నన్ను చూసిన చూపు నాకు ఎంత బాగుందంటే, చెప్పకుండా వదిలేసిన ముక్క గురించి ఆలోచించడం కూడా మానేశాను. రెండు రోజులు అన్నాల బల్ల మీదే కూర్చుని రాసింది. రాస్తూ రాస్తూ నన్ను చూసి నవ్వేది. స్టేషన్ రైటరు పాత్రే ఆ భాగానికి హీరో అని తెలిసి, గడ్డం గీయించుకోవడానికి కంచికచర్ల దాకా వెళ్ళొచ్చాను. నందిగామలో మంగలి షాపులు లేక కాదు. కంచికచర్లలో తెలిసినవాళ్ళు ఎక్కువ, వాళ్ళకీ చెప్పుకోవచ్చని.

మూడో రోజు పొద్దున హరిచరణ్ ఫోన్ చేశాడు. మాటల మధ్యలోనే జాయిస్ గొంతు చిన్నదైపోవడం నేను వరండాలోంచి విన్నాను. ఛానల్ వాళ్ళు తెలిసిన పేరే కావాలంటున్నారట. ఈసారికి సర్దుకోమన్నాడు, వచ్చే సీజన్లో చూద్దామన్నాడు. ఒప్పుకున్నట్టు ఒక కాగితం ఫోన్‌కి పంపాడు. దాని మీద వేలితో సంతకం గీకి తిరిగి పంపిస్తే చాలట.

"పోన్లే నాన్నా" అంది మా అమ్మాయి.

"పోన్లే ఏంది? రాసింది నువ్వా, ఆయనా?"

"కాదంటే ఇంక పిలవరు. నాలుగేళ్ళ కష్టం పోద్ది."

"పోతే పోద్ది! ఇంకొకడి పేరు కిందా నీ రాత?"

జాయిస్ లేచి నిలబడింది. కోపం నా పోలికే, గొంతు వాళ్ళమ్మది. "నీ పేరు ఏ ఎఫ్.ఐ.ఆర్. మీదుంది నాన్నా? ముప్పై ఒక్క ఏళ్ళు నువ్వు రాసావు, సంతకం ఎస్సైది. నీకెప్పుడూ లేని పౌరుషం నాకెందుకు?"

వంటింట్లోంచి బేబి బయటికొచ్చింది. పిల్ల అన్నది నిజమే. పాత అలవాటే నా నోట్లోంచి వచ్చింది.

"సరే. పెట్టే ముందు ఆ కాగితం పైకి చదువు."

"ఎందుకు?"

"సంతకానికి ముందు చదివి వినిపించాలి. అది రూలు."

మా రాతల్లో ప్రతి ఫిర్యాదు చివరా ఒక వాక్యం ఉంటుంది. 'చదివి వినిపించగా విని, సరి అని ఒప్పుకుని సంతకం చేశాను.' చదువు రానివాళ్ళయితే వేలిముద్ర. ఆ వాక్యం వేల సార్లు రాశాను. జాయిస్ విసుగ్గానే మొదలుపెట్టింది. "తొమ్మిదవ భాగం కథ, మాటలు హరిచరణ్ గారు రచించారని, అందులో నేను సహాయం మాత్రమే..."

ఆగిపోయింది. మళ్ళీ మొదలుపెట్టి మళ్ళీ అక్కడే ఆగింది.

"జయమణి కూడా అట్నే ఆగిందమ్మా" అన్నాను. "నీకు నేను అబద్ధం చెప్పా. రాయనని నేను అన్లా. తప్పిపోయిందనే రాసా."

తల్లీకూతుళ్ళిద్దరూ నా వంక చూశారు. ఇక ఆపితే మళ్ళీ చెప్పలేనని తెలుసు కాబట్టి చెప్పుకుంటూ పోయాను. "రాసి, రూలు ప్రకారం చదివి వినిపించా. ఆ మాట దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి గబగబా చదివేసా. ఆవిడ పట్టేసింది. 'అయ్యా, నేనా మాట అన్లా' అంది. అప్పటికే బొటనవేలికి ఇంకు పూసుంది. ఆ వేలు కొంగుకి తుడిచేసుకుంది. ఎస్సై అరిచాడు. నేనూ అరిచా, జాయిసూ. ఏం, నీకు చదువొచ్చా అని కూడా అన్నా. ఆవిడ కదల్లా. సాయంత్రం దాకా ఆ బెంచీ మీదే కూచుంది. ఆవిడ్ని చూస్తా కూచోలేక అప్పుడు కొత్త కాగితం తీసి ఎత్తుకుపోయారని రాసా."

బేబి, "గేదె దొరికిందా?" అని అడిగింది.

"కేసు కట్టాక మూడోరోజు తెల్లారేసరికి ఆవిడ గుమ్మం ముందు కట్టేసుంది."

నా సర్వీసు మొత్తంలో నాదని చెప్పుకోదగ్గ గొప్ప అదొక్కటే. ఇప్పుడు అదీ నాది కాదని కన్నకూతురికి చెప్పేశాను. మూడు రోజులుగా అది నన్ను చూసిన చూపు ఇక మళ్ళీ చూడదనుకున్నాను. బాధేసింది, దాచుకోను. కానీ నా కూతురు కూడా గొంతు తగ్గించి చదువుకుని వేలు పెట్టేస్తే ఇంకా బాధేసేది.

జాయిస్ ఫోన్ తీసుకుని హరిచరణ్‌కి చేసింది. లోపలికి పోలేదు, మా ఎదురుగానే నిలబడి మాట్లాడింది.

"సార్, కాగితం చదివానండి. సహాయం చేశానని ఉందండి. నేను సహాయం చెయ్యలేదండి, రాసానండి. ఆ మాట మారిస్తే సంతకం పెడతా." అవతల గొంతు లేచింది. మా అమ్మాయి ఆయన్ని పూర్తిగా మాట్లాడనిచ్చి, "గౌరవం లేక కాదండి. ఉంది. కానీ అది నా మాట కాదండి" అంది.

ఫోన్ పెట్టేశాక ఎవరినీ చూడకుండా వెళ్ళి బల్ల దగ్గర కూర్చుంది. రాసిన కాగితాల్లోంచి పన్నెండు పేజీలు తీసి పక్కన పడేసింది.

"నిన్ను హీరోని చేసా నాన్నా. ఇప్పుడు తీసేస్తన్నా. ఏమనుకోవద్దు."

"తీసెయ్యి" అన్నాను. "నేను అరిచింది కూడా పెట్టు."

"పెడతా" అంది, నిజంగానే పెట్టేటట్టు. ఆ తర్వాత నా వంక చూసింది. అది మొన్నటి చూపు కాదు. మొన్నటిది కథలో మనిషిని చూసిన చూపు. ఇది నన్ను చూసింది.

మర్నాడు హైదరాబాద్ బస్సెక్కించి వచ్చాను. కాగితం మీద సంతకం లేకుండా వాళ్ళు ఆ భాగాన్ని ఇంకొకరి పేరుతో వేయలేరు. అలాగని ఆపనూ లేరు, షూటింగు తేదీలు దగ్గర పడ్డాయి. ఏం చేస్తారో మాకు తెలియదు. మూడు వారాలు జాయిస్ ఏమీ చెప్పలేదు, మేమూ అడగలేదు. నేను నోటుపుస్తకం తెరవలేదు.

తొమ్మిదో భాగం వచ్చే ఆదివారం ఆరాధన అవగానే చర్చి నుంచి సగం మంది మా ఇంటికే వచ్చారు. వద్దనడానికి మొహం లేదు, నేనేగా ఊరంతా చాటింది. వీరరాఘవయ్య గారు చెవిటికల్లు నుంచి జామకాయలు తెచ్చారు. ఆయన కాపర్ వైరు కేసు కట్టారట. "అమ్మాయి చెప్పబట్టే కదండీ" అన్నారు. నాకు వాదించే ఓపిక లేదు. పేరు పడకపోతే ఇంతమంది ముందు ఎక్కడికి పోవాలా అని మాత్రమే ఆలోచిస్తున్నాను. బేబి ఎప్పటిలా ఫోన్ పట్టుకుని టీవీ పక్కన నిలబడింది.

రెండయింది. పాట వచ్చింది. రాజ్యశ్రీ రెండు కాళ్ళకీ రెండు రకాల చెప్పులతో స్టేషన్‌లోకి పరిగెత్తింది. జనం నవ్వారు. తెర మీద 'రచన' అని పడింది.

"జాయిస్" అని చదివింది బేబి, క్లాసులో హాజరు పిలిచినట్టు. ఒక్క పేరే. పైన ఎవరూ లేరు, కింద ఎవరూ లేరు. తెర నిండా మా అమ్మాయి. ఈసారి బేబికి ఫొటో తీయడం గుర్తే లేదు. నేను కళ్ళజోడు తీసి తుడుచుకున్నాను, పెట్టుకున్నాను, మళ్ళీ తీశాను. నా జన్మలో అంత గర్వపడింది లేదు. ఏఎస్సై అయిన రోజు కూడా లేదు.

సీరియల్లో రాజ్యశ్రీకి ఆ రోజు పెద్ద మీటింగు. పెండింగు కేసులు ఇంకొకటి పెరిగితే తిట్లు తినాలి. పైగా మొగుడు ఎదురు ఫ్లాట్లోంచి ఫోన్ చేసి సిలిండర్ ఎవరి వంతని గొడవ. ఆ తొందరలో సందుల్లో పాలమ్ముకునే ఒక పెద్దావిడ గేదె పోయిందని వస్తే, "తప్పిపోయిందని రాసెయ్యవయ్యా" అని రైటరుకు చెప్పేస్తుంది. రైటరు రాస్తాడు. చదివి వినిపిస్తాడు. ఆ మాట దగ్గర గొంతు తగ్గిస్తాడు.

పెద్దావిడ ఇంకు పూసిన వేలు కొంగుకు తుడుచుకుంది. "నేనా మాట అన్లా" అంది.

రాజ్యశ్రీ అరిచింది. రైటరు కూడా అరిచాడు. నా మాటలే, ముక్కకు ముక్క. నేను తల దించుకోలేదు, చూశాను. ఆవిడ బెంచీ మీద కూర్చుంది. గడియారం తిరిగింది. చివరికి రాజ్యశ్రీ మీటింగు ఎగ్గొట్టి వచ్చి, ఆ రెండు రకాల చెప్పులు విడిచి, ఆవిడ పక్కన కూర్చుని టిఫిన్ డబ్బా తెరిచింది. ఇద్దరూ తిన్నారు. తర్వాత కాగితం చింపేసి, "ఇప్పుడు చెప్పండమ్మా, మీరేమన్నారో అదే రాద్దాం" అంది.

వెనక ఎవరో ముక్కు చీదారు. వీరరాఘవయ్య గారు, "ఆ రైటరుకి బుద్ధుండొద్దూ!" అన్నారు కోపంగా. "ఉండాలండీ" అన్నాను.

అయిపోయిన ఐదు నిమిషాలకు జాయిస్ ఫోన్ చేసింది. నేను వరండాలోకి వెళ్ళాను.

"చూసావా నాన్నా?"

"చూసా."

"తప్పులేమన్నా ఉన్నాయా?"

"లేవు."

"ఇంకో సంగతి. రేపట్నుంచి రావద్దన్నారు. పదో భాగానికి వేరే అమ్మాయిని పెట్టుకున్నారంట. పేరు వేస్తామని ఒప్పుకున్న రోజే చెప్పారు, మీకు ఈరోజు దాకా చెప్పలా" అంది.

"భయంగా ఉందా?"

"ఉంది నాన్నా. కానీ పడిందిగా."

"పడిందమ్మా. మీ అమ్మ పైకి చదివింది" అన్నాను.

గదిలోకి వచ్చేసరికి అందరూ నా వంకే చూస్తున్నారు. ఏమంది, ఏమంది అని అడిగారు.

"మా అమ్మాయిని పనిలోంచి తీసేశారండీ" అన్నాను. అమ్మాయికి టెన్త్‌లో ఫస్ట్ క్లాసు వచ్చిన రోజు వీధిలో అందరికీ చెప్పిన గొంతుతోనే చెప్పానని బేబి తర్వాత అంది.

వీరరాఘవయ్య గారు జామకాయ కొరకబోయి ఆగారు. "అదేంటండీ, అంత సంతోషంగా చెప్తన్నారు?"

"రాసింది తనేనని చెప్పినందుకు తీసేశారండీ. ముప్పై ఒక్క ఏళ్ళు రాసి నేను ఒక్కసారి కూడా ఆ మాట అన్లా" అన్నాను. "మా అమ్మాయి అంది."